పాత కారు హెడ్‌లైట్ అద్దం: ఎందుకు మార్చాలి? ఎలా మార్చాలి?

కె.ఆర్.పురం తీగల వంతెన దాటి ఓల్డ్ మద్రాస్ రోడ్డు పట్టుకుంటే ఆ దారి హోస్కోటె, కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు చేరుతుంది. రాయలసీమ నుంచీ కోస్తా నుంచీ వచ్చి కె.ఆర్.పురం చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్న తెలుగు కుటుంబాలకు పండక్కి ఊరెళ్లే దారుల్లో ఇదొకటి. వీళ్లలో కొందరి సెల్లార్లో నాన్నగారి అంబాసిడరో తాతగారి ఫియట్టో భద్రంగా ఉంటుంది. ఇంజను విప్పి బాగుచేయిస్తారు, రంగు వేయిస్తారు, సీట్లు కుట్టిస్తారు. హెడ్‌లైట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వెలుగుతున్నాయి కదా’ అని వదిలేస్తారు. వెలిగే దీపమల్లా దారి చూపుతుందని లేదు. పాత అద్దం వెలుతుర్ని దారి మీద పరచకుండా ఎదుటివాడి కళ్లలో చల్లుతుంటే, ఆ కారు ఎంత అందంగా ఉన్నా రాత్రి రోడ్డెక్కడానికి సిద్ధంగా లేనట్టే. పాత కారు ఉన్నవాళ్లు హెడ్‌లైట్ గురించి అడిగే సందేహాలకు ఒక్కొక్కటిగా జవాబులు ఇవి.

గాజుకు వయసేమిటి? అది అరిగిపోతుందా?

అరగదు కానీ దెబ్బలు తింటుంది. ముందు వెళ్లే లారీ చక్రాలు లేపే ఇసుక, కంకర ముక్కలు ఏళ్ల తరబడి అద్దానికి తగులుతూ ఉంటాయి. ఒక్కో దెబ్బకు కంటికి ఆనని చిన్న గుంట పడుతుంది. అలాంటివి వేలకొద్దీ చేరితే అద్దం మీద సన్నని మంచు కురిసినట్టు అవుతుంది. బల్బు వెలుతురు ఒక్కో గుంట దగ్గరా దారి తప్పి పక్కలకు చెదురుతుంది. దారి మీద పడాల్సిన కాంతి తగ్గుతుంది, ఎదుటివాడికి తగిలే మిరుమిట్లు పెరుగుతాయి. ఒకే లోపానికి రెండు నష్టాలన్నమాట.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. చీకట్లో హెడ్‌లైట్ ఆర్పి, చేతి టార్చిని అద్దానికి పక్కవాటుగా పట్టుకుని వెలిగించండి. గాజు శుభ్రంగా ఉంటే పెద్దగా ఏమీ కనిపించదు. గుంటలు పడి ఉంటే అద్దమంతా తెల్లగా మెరుస్తుంది. అప్పుడు పాలిష్ పనిచేయదు. సీరియం ఆక్సైడ్ పొడితో రుద్దితే పైపై మరకలు, చాలా సన్నని గీతలు పోతాయి కానీ గుంటలు పూడవు.

గాజుకు ఇంకో శత్రువు హఠాత్తుగా మారే వేడి. గంటసేపు వెలిగిన హెడ్‌లైట్ మీద చన్నీళ్లు కొడితే గాజు పగలవచ్చు. వెంట్రుకంత పగులు చాలు, వానాకాలం తేమ లోపలికి చేరి వెనకున్న రిఫ్లెక్టర్‌ను తినేయడానికి.

కొత్త తరం కార్లలో అద్దం గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కుతుంది. దాన్ని తడిపి ఉప్పుకాగితంతో రుద్ది, పాలిష్ పట్టి, ఎండను అడ్డుకునే పూత వేసి కొంతకాలం నెట్టుకురావచ్చు. గాజుకు ఆ వైద్యం పనికిరాదు. అంబాసిడర్, పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కార్లలో ఉండేది గాజే కాబట్టి ఈ వ్యాసమంతా దాని గురించే.

అసలు అద్దం చేసే పనేమిటి? దుమ్ము పడకుండా మూతేనా?

అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే. పాత హెడ్‌లైట్‌లో అద్దం మూత కాదు, వెలుతురును పంచే పరికరం.

వెనకున్న రిఫ్లెక్టర్ లోతైన గిన్నె ఆకారంలో, గణితంలో పరావలయం అనే వంపుతో ఉంటుంది. దాని నాభి దగ్గర ఫిలమెంట్ పెడితే, అన్ని వైపులకూ చిమ్మే వెలుతురు రిఫ్లెక్టర్‌కు తగిలి సమాంతర కిరణాలుగా ముందుకు వస్తుంది. అలాగే వదిలేస్తే అది రోడ్డు మధ్యలో ఒక గుండ్రటి మచ్చలా పడుతుంది. రోడ్డు అంచు కనిపించదు, సైకిల్ మీద పక్కగా వెళ్లే మనిషి కనిపించడు. అందుకే అద్దం లోపలి వైపు నిలువు చారలు, గళ్లు, చిన్న చిన్న పట్టకాలు పోతపోసి ఉంటాయి. తూము నుంచి ఒక్క ఊపున వచ్చే నీటిని బోదెలు మడిమడికీ పంచినట్టు, ఆ చారలు వెలుతురును కొంత దూరానికి, కొంత పక్కలకు, కొంత కారు ముందుకు పంచుతాయి.

డిమ్ వేసినప్పుడు జరిగేది ఇంకా సూక్ష్మమైన పని. బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి నాభి దగ్గర ఉండి బ్రైట్ ఇస్తుంది. రెండోది దానికి కాస్త ముందుగా ఉంటుంది, దాని కింద ఒక చిన్న లోహపు దోసిలి ఉంటుంది. ఆ దోసిలి కిందికి వెళ్లే కాంతిని ఆపేస్తుంది కాబట్టి డిమ్ వెలుతురు రిఫ్లెక్టర్ పై సగానికే తగులుతుంది. అక్కడి నుంచి కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. ఆ దోసిలికి ఒక పక్క అంచు 15 డిగ్రీలు వాలుగా కోసి ఉంటుంది. దానివల్ల మన పక్క రోడ్డు అంచు మీద వెలుతురు కాస్త పైకి లేస్తుంది, ఎదురు వాహనాల వైపు మాత్రం కిందనే ఉంటుంది. 1950ల చివర యూరప్‌లో మొదలైన ఈ పద్ధతే తర్వాత మన కార్లకూ వచ్చింది.

కొన్నేళ్ల తర్వాత వచ్చిన కార్లలో ఈ పంపకమంతా రిఫ్లెక్టర్ మీది పలకలే చేస్తాయి, అద్దం నున్నగా ఉంటుంది. ఆ అందం చూసి పాత రిఫ్లెక్టర్ ముందు నున్నటి అద్దం బిగిస్తే వెలుతురును పంచేవాడు లేకుండా పోతాడు. అద్దం, రిఫ్లెక్టర్, బల్బు ఒకదానికోసం ఒకటి లెక్కగట్టి చేసినవి. ఒకదాన్ని మార్చేటప్పుడు మిగతా రెండింటికీ అది సరిపోతుందా అని చూడాలి.

అద్దం ఒక్కటే మార్చవచ్చా, డూమ్ మొత్తం మార్చాలా?

అద్దం, రిఫ్లెక్టర్ కలిసిన గిన్నెనే డూమ్ అంటారు. ఏది మార్చాలన్నది మీ కారులో ఏ రకం ఉందో దాన్ని బట్టి. ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది సీల్డ్ బీమ్. అద్దం, రిఫ్లెక్టర్, ఫిలమెంట్ మూడూ కలిపి గాలి చొరకుండా మూసేసిన ఒకే ముక్క. అమెరికాలో 1940లో ఏడంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్‌ను అన్ని కార్లకూ ప్రమాణంగా పెట్టారు. ఇందులో అద్దం విడిగా రాదు. ఫిలమెంట్ పోయినా, అద్దం పగిలినా మొత్తం మార్చాల్సిందే.

రెండోది మన మెకానిక్కులు సెమీ సీల్డ్ అనేది. అద్దం రిఫ్లెక్టర్‌కు అతికించి ఉంటుంది, బల్బు మాత్రం వెనక నుంచి ఊడుతుంది. మన దేశంలో తిరిగిన పాత కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇక్కడా అద్దం పాడైతే డూమ్ మొత్తం మార్చడమే తేలిక. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

మూడోది ఇంకా పాత కార్లది. అద్దం విడిగా ఉండి, రబ్బరు వాషర్ మీద కూర్చుని, క్లిప్పులతోనో రింగుతోనో బిగించి ఉంటుంది. ఇందులో అద్దం ఒక్కటే మార్చవచ్చు. అద్దం మీద పాత కంపెనీ పేరు పోతపోసి ఉండి, వెనక రిఫ్లెక్టర్ బాగుంటే ఆ రెండింటినీ కాపాడుకోవడం మంచిది.

50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. వాటి నంబర్లో ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. వాహనం అసలు రూపంలో ఉండటం దానికి ముఖ్యమైన షరతు. అందువల్ల అంత పాత కారుకు మెరుగు కోసం కొత్త ఫ్యాషన్ దీపాలు పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలి. తీసిన పాత డూమ్‌ను పారేయకుండా గుడ్డలో చుట్టి దాచుకోవాలి.

ఎక్కడ దొరుకుతుంది? కొనేటప్పుడు ఏం చూడాలి?

దొరకదేమోనన్న భయం అక్కర్లేదు. గుండ్రటి హెడ్‌లైట్ కొలత చాలావరకు ఒక్కటే. అంచు నుంచి అంచుకు ఏడంగుళాలు, అంటే సుమారు 178 మిల్లీమీటర్లు. అంబాసిడర్ ఉత్పత్తి ఉత్తరపాడలో 2014లో ఆగిపోయింది. అయినా అదే కొలత డూమ్‌ను జీపులు, జిప్సీలు, బుల్లెట్ మోటారు సైకిళ్లు వాడుతూ వచ్చాయి కాబట్టి బజారులో సరుకు ఆగలేదు. బెంగళూరులో టౌన్‌హాల్ దగ్గర మొదలయ్యే జె.సి.రోడ్డు ఎప్పటి నుంచో కార్ల స్పేర్ పార్టులకు పేరున్న బజారు. సెలవుకి ఊరెళ్లినప్పుడు చూడాలంటే విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్ ఉన్నాయి. లూకాస్ టీవీఎస్, లుమాక్స్, ఆటోలైట్ లాంటి పేర్లు పాత మెకానిక్కులకు తెలిసినవే.

కొనేముందు నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, జతగా కొనండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే రెండు రకాల వెలుతురు పడి కన్ను ఇబ్బంది పడుతుంది.

రెండు, ఎడమ వైపు నడిచే దేశానికి చేసిన అద్దమేనా చూడండి. విదేశాల నుంచి తెప్పించే అద్దాలతో పెద్ద ప్రమాదం ఇక్కడే. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో బళ్లు కుడి పక్కన నడుస్తాయి. అక్కడి అద్దం వెలుతురును కుడి పక్కకు లేపుతుంది. మన రోడ్డు మీద కుడి పక్క ఉండేది ఎదుటి డ్రైవరు కళ్లు. ఐరోపా ప్రమాణం ముద్ర ఉన్న అద్దాన్ని గుర్తుపట్టడం సులువు. వృత్తంలో ‘ఈ’ అక్షరం, పక్కన అంకె ఉంటాయి. దానికి దగ్గరలో ఒక బాణం గుర్తు కోసం వెతకండి. దీపానికి ఎదురుగా నిలబడి చూస్తే ఆ బాణం మీ కుడిచేతి వైపు చూపితే అది మన రోడ్డుకు తగినది. బాణమే లేకపోతే అది కుడి పక్క నడిచే దేశాలది. రెండు వైపులా మొనలున్న బాణమైతే రెంటికీ మార్చుకునే వీలున్నది.

మూడు, పాత బల్బు కొత్త డూమ్‌కు పడుతుందా చూడండి. పాత డూమ్‌లలో 45/40 వాట్ల మామూలు బల్బు ఉండేది, 1971 తర్వాత ప్రపంచమంతా వ్యాపించిన హెచ్-4 హాలోజెన్ బల్బు 60/55 వాట్లది. రెండింటి అడుగు పళ్లేలు వేరు. ఒకదానికి చేసిన డూమ్‌లో రెండోది బలవంతంగా దూర్చితే ఫిలమెంట్ నాభి దగ్గర ఉండదు, డిమ్ గీత చెదిరిపోతుంది.

నాలుగు, అద్దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని అలల్లాంటి వంకరలు, గాలి బుడగలు ఉన్నాయేమో, రిఫ్లెక్టర్ పూత ఒక్క మచ్చ లేకుండా ఉందో లేదో చూసుకోండి.

విప్పడం, బిగించడం ఎలా?

సెమీ సీల్డ్ డూమ్ మార్చడం ఓపికున్న ఎవరైనా ఇంట్లో చేసుకోదగ్గ పని.

ముందు బ్యాటరీ నుంచి కారు బాడీకి వెళ్లే ఎర్త్ వైరు తీసేయండి. తర్వాత హెడ్‌లైట్ చుట్టూ ఉన్న క్రోమియం రింగు. అది సాధారణంగా కింద ఒక్క స్క్రూతో, పైన ఒక కొక్కేనికి తగిలించి ఉంటుంది. తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాలి. స్క్రూడ్రైవర్‌తో రింగును ఎత్తి పీకితే పెయింటు పెచ్చు లేస్తుంది, మధ్యలో ఒక గుడ్డ పెట్టండి.

రింగు తీశాక లోపల డూమ్‌ను పట్టి ఉంచే ఇంకో రింగు కనిపిస్తుంది. దానికి మామూలుగా మూడు చిన్న స్క్రూలు ఉంటాయి. వీటితో పాటు పైన ఒకటి, పక్కన ఒకటి స్ప్రింగు కూర్చున్న పొడుగాటి స్క్రూలు ఉంటాయి. అవి సెట్టింగు స్క్రూలు. పైది వెలుతురును ఎత్తడానికి దించడానికి, పక్కది కుడి ఎడమలకు తిప్పడానికి. విప్పేటప్పుడు వాటి జోలికి పోవద్దు.

డూమ్ బయటికి రాగానే దాన్ని వైర్ల మీద వేలాడనివ్వకండి. వెనక మూడు పళ్ల కనెక్టర్ లాగి, రబ్బరు తొడుగు తీసి, స్ప్రింగు క్లిప్ వదిలిస్తే బల్బు వస్తుంది. కనెక్టర్ పళ్లు నల్లబడి ఉన్నా, ప్లాస్టిక్ కరిగి ఉన్నా అది కూడా ఇప్పుడే మార్చేయండి.

కొత్త డూమ్ వెనక మూడు ముక్కులు ఉంటాయి, అవి డూమ్‌ను పట్టి ఉంచే బకెట్లోని గాడుల్లో ఒకే విధంగా కూర్చుంటాయి. అద్దం మీద పైభాగాన్ని చూపే గుర్తు సరిగ్గా పైకి ఉండాలి. కాస్త తిరిగినా డిమ్ గీత వాలిపోతుంది. హాలోజెన్ బల్బు గాజును వేళ్లతో ముట్టుకోవద్దు. చర్మం జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవండి. వెనక రబ్బరు తొడుగు చిరిగి ఉంటే కొత్తది వేయండి. తేమకు మొదటి కాపలా అదే.

అద్దం విడిగా మార్చే రకమైతే?

క్లిప్పులున్నదైతే పాత రబ్బరు వాషర్ తీసి, గాడి శుభ్రం చేసి, కొత్త వాషర్ మీద అద్దాన్ని సమంగా కూర్చోబెట్టాలి. క్లిప్పులను ఒకే పక్క నుంచి వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, లేకపోతే ఒత్తిడి ఒక పక్కే పడి గాజు చిట్లుతుంది.

సెమీ సీల్డ్‌లో అతికించిన అద్దాన్నే విడదీసి మార్చాలనుకుంటే తొందర పనికిరాదు. వేడిగాలి తుపాకీతో అంచు చుట్టూ నెమ్మదిగా, ఒకే చోట ఆగకుండా వేడి చేస్తూ పోతే పాత జిగురు మెత్తబడుతుంది. ప్లాస్టిక్ గరిటెతో కొద్దికొద్దిగా విడదీయాలి. గాడిలోని పాత జిగురంతా తీశాక కొత్త సిలికాన్ వేయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు. ఆ ఆమ్లపు ఆవిరి లోపల చిక్కుకుని రిఫ్లెక్టర్ పూతను తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడగండి. అతికించాక ఒక రోజంతా కదపకుండా ఆరనివ్వాలి. అడుగున గాలి, నీరు పోయే చిన్న రంధ్రం ఉంటే దాన్ని జిగురుతో మూసేయకూడదు.

రిఫ్లెక్టర్ మసకబారితే తుడవవచ్చా?

తుడవకండి. ఆ మెరుపు వాక్యూమ్‌లో ఆవిరిగా చల్లిన అల్యూమినియం పొర. ఎంత మెత్తటి గుడ్డతో తుడిచినా దాని మీద గీతలు పడతాయి, అది ఊడి వస్తుంది. దుమ్ము మాత్రమే అయితే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, తలకిందులుగా నీడలో ఆరబెట్టండి. పూత లేచిపోయి ఉంటే కొత్త అద్దం వేసి ప్రయోజనం లేదు. వాక్యూమ్ మెటలైజింగ్ చేసే యూనిట్లో మళ్లీ పూత వేయించాలి, లేదా డూమ్ మార్చాలి. ఇంకా పాతకాలపు కార్లలో ఇత్తడి మీద వెండి పూత ఉండేది. దాన్ని తిరిగి వెండి పూత వేయించి నిలబెట్టుకోవచ్చు.

కొత్త అద్దం వేసినా వెలుతురు పెరగలేదు, ఎందుకు?

ఎక్కువసార్లు జవాబు వైర్లలో ఉంటుంది. పాత కార్లలో హెడ్‌లైట్ కరెంటు బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్‌కు, అక్కడి నుంచి ఎడమ కాలి దగ్గరుండే డిప్పర్ స్విచ్‌కు, తర్వాత బల్బుకు వెళ్తుంది. ఎన్నో ఏళ్ల స్విచ్‌లు, తుప్పు పట్టిన ఎర్త్‌లు దారిలో కొంత వోల్టేజీని మింగేస్తాయి. ఫిలమెంట్ బల్బుకు ఇది చాలా పెద్ద దెబ్బ. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది.

ఇంజను నడుస్తుండగా, లైట్లు వెలిగించి మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర, తర్వాత బల్బు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవండి. తేడా అర వోల్టు దాటితే ముందు ఎర్త్ వైరును బాడీకి కలిపే చోట తుప్పు గీకి బిగించండి. ఆ తర్వాత రిలే పెట్టించండి. రిలే ఉంటే బల్బుకు కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిన వస్తుంది. పాత స్విచ్ రిలేను కదిలించే పని మాత్రమే చేస్తుంది కాబట్టి అదీ ఎక్కువ కాలం బతుకుతుంది. పైకి ఏమీ కనిపించదు, కారు రూపం చెడదు. పాత కారు దీపానికి చేయగల మేళ్లలో ఇది అన్నిటికన్నా పెద్దది.

100 వాట్ల బల్బు, ఎల్‌ఈడీ పెడితే ఈ గొడవంతా తప్పదా?

తప్పదు, కొత్త గొడవ మొదలవుతుంది. రెండు 100 వాట్ల బల్బులు 12 వోల్టుల దగ్గర దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. లూకాస్ సి-40 లాంటి పాత డైనమో ఇచ్చేదే 22 ఆంపియర్లు. ఇగ్నిషన్‌కు, వైపర్‌కు, హారన్‌కు ఏం మిగులుతుంది? పైగా వైర్లు వేడెక్కుతాయి, రిఫ్లెక్టర్ పూత మాడుతుంది.

ఎల్‌ఈడీ కథ వేరు. రిఫ్లెక్టర్‌ను ఫిలమెంట్ ఉండే చోటికి, దాని పరిమాణానికి లెక్కగట్టి చేశారు. ఎల్‌ఈడీ బల్బులో వెలుతురు ఇంకో ఆకారంలో, కొంచెం అటూఇటూ ఉన్న చోటు నుంచి వస్తుంది. డిమ్ గీత చెదిరి ఎదుటివాడికి మిరుమిట్లు గొలుపుతుంది. కారు ముందు మాత్రం తెల్లగా వెలగడం వల్ల నడిపేవారికి బాగా కనిపిస్తోందన్న భ్రమ కలుగుతుంది. అదీగాక 1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ తరహా కార్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి ఎర్త్ చేసేవారు. ఫిలమెంట్‌కు ఏ వైపు నుంచి కరెంటు వచ్చినా ఒకటే. ఎల్‌ఈడీకి కాదు. తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పిన మాటా గుర్తుంచుకోవాలి.

పాత అద్దం మీద పై సగం నల్ల రంగు ఉంది. కొత్తదానికీ వేయాలా?

వద్దు. ఈ అలవాటుకు పాత చరిత్ర ఉంది. 1971 యుద్ధం నాటి బ్లాకవుట్ రోజుల్లో దీపాల పై సగం నలుపు చేసుకున్న కార్లు చాలామంది పెద్దలకు గుర్తే. తర్వాత మిరుమిట్లు తగ్గించాలని ఎన్నో ఊళ్లలో బళ్లను ఆపి హెడ్‌లైట్ల మీద నల్ల చుక్కలు పెట్టించారు. ఉద్దేశం మంచిదే. కానీ ఇంతకుముందు చెప్పుకున్న డిమ్ మర్మాన్ని ఇక్కడ తలుచుకోండి. డిమ్ వెలుతురు రిఫ్లెక్టర్ పై సగం నుంచి బయల్దేరి, అద్దం పై సగం గుండానే కిందికి దిగుతుంది. పై సగానికి నలుపు వేస్తే మనం మూసేది ఎదుటివాడికి ఇబ్బంది కలిగించని డిమ్‌నే. డిమ్ వేస్తే దారి కనిపించదు, కనిపించదు కాబట్టి నడిపేవారు బ్రైట్ మీదే ఉంటారు. ఎదుటివాడి కోసం వేసిన రంగు చివరికి ఎదుటివాడికే చెరుపు చేస్తుంది. మంచి అద్దం, సరైన సెట్టింగు ఉంటే ఏ రంగూ అక్కర్లేదు.

సెట్టింగు ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, చేసి తీరాలి. డూమ్ మార్చాక సెట్టింగు చూడకపోతే పని సగంలో ఆపినట్టే.

నేల చదునుగా, ఎదురుగా గోడ ఉన్న చోటు కావాలి. అపార్ట్‌మెంటు సెల్లార్ దీనికి అనువైన జాగా. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టండి. అద్దం మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో అడ్డగీత గీయండి. రెండు దీపాల మధ్య బిందువులకు ఎదురుగా రెండు నిలువు గీతలు గీయండి. కారును గోడకు 10 మీటర్ల దూరంలో నిలపండి. డిమ్ వేస్తే వెలుతురు పై అంచు మీ అడ్డగీతకు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. జాగా తక్కువై 5 మీటర్లే దొరికితే 5 సెంటీమీటర్లు. వెలుతురు ఎడమకు పైకి వంగే మూల నిలువు గీత దగ్గర ఉండాలి. ఒక దీపాన్ని సరిచేసేటప్పుడు రెండోదాన్ని గుడ్డతో కప్పండి. పై స్క్రూతో ఎత్తు, పక్క స్క్రూతో అడ్డం.

అమెరికా తరహా పాత సీల్డ్ బీమ్‌లో ఇంత స్పష్టమైన గీత కనిపించదు. అక్కడ డిమ్‌లో అన్నిటికన్నా కాంతివంతమైన మచ్చ అడ్డగీతకు కిందగా, రోడ్డు అంచు వైపు పడేలా చూస్తే చాలు.

చట్టం కూడా ఇదే అడుగుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ప్రకారం, దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచు నుంచి అర మీటరు కుడి పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు తగలకూడదు. ఆ కొలతలు గోడ దగ్గర పెట్టుకుని చూడండి. అది సరిగ్గా ఎదురు వచ్చే డ్రైవరు కన్ను. కేఏ-53 నంబరు పలకతో 15 ఏళ్లు దాటిన కారును రిజిస్ట్రేషన్ పొడిగింపుకు కె.ఆర్.పురం ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లే ముందు ఈ పని చేసుకుంటే తనిఖీలో దీపాల గురించి బెంగ ఉండదు.

అన్నీ చేశాక రాత్రి ఎంత వేగంగా వెళ్లవచ్చు?

దీనికి లెక్క ఉంది. దీపం నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగితే, డిమ్ వెలుతురు 75 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. సెట్టింగు తప్పి రెట్టింపు వాలితే 37 మీటర్లకే ఆగిపోతుంది. అసలు వాలకపోతే నేలకు దిగకుండా ఎదుటివాడి కళ్లకు చేరుతుంది.

ఇప్పుడు బ్రేకులు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ఏదో కనిపించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర అనుకుంటే 25 మీటర్లు. డ్రమ్ బ్రేకుల కారు ఆగడానికి ఇంకో 28 మీటర్లు వేసుకుంటే మొత్తం 53. అంటే వెలుతురు పరిధిలోనే ఆగుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఇదే లెక్క 80 మీటర్లు దాటిపోతుంది. కారు తన దీపాన్ని దాటి పరుగెడుతున్నట్టే. అందుకే డిమ్ మీద ఉన్నప్పుడు పాత కారు 60 దాటకుండా ఉండటం మంచిది.

ఇంకొక్క మాట. అంబాసిడర్ వెనక పట్టీల స్ప్రింగులు బరువుకు కుంగుతాయి. తిరుపతి ప్రయాణానికి వెనక సీటు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను ఎక్కితే ముక్కు పైకి లేస్తుంది, దానితో వెలుతురూ లేస్తుంది. ఖాళీ కారుకు చేసిన సెట్టింగు అప్పుడు పనికిరాదు. బరువుతో వెళ్లే ముందు గోడ దగ్గర ఇంకోసారి చూసుకుని, పై స్క్రూ తిప్పి కాస్త దించుకోండి. తిరిగి వచ్చాక మళ్లీ యథాస్థానానికి తెచ్చుకోండి. ముళబాగిలు దాటాక ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరుకు మీ కారు వయసుతో పనిలేదు. అతనికి తన ముందున్న రోడ్డు కనిపించాలి, మీకు మీ పక్క రోడ్డు కనిపించాలి. జె.సి.రోడ్డులో కొన్న అద్దం, గోడ మీద గీసిన సుద్దగీత, సగం రోజు ఓపిక కలిస్తే ఆ రెండూ జరుగుతాయి. పాత కారును ప్రేమించేవారు ఇంజను కన్నా ముందు చేయించాల్సిన పని ఇదే.